ఒక గ్లాసు మనిషి

మొన్న దగ్గు పట్టుకుంటే మందుల అంగడికి పోయి ఒక సీసా తెచ్చుకున్నాను. దాని మీద ‘వాడే ముందు బాగా కుదపండి’ అని ఉంది. కుదపడానికి చెయ్యి లేచింది కానీ మధ్యలోనే ఆగింది. "కుదపొద్దప్పా, కలబెట్టు" అని ఎవరో వెనక నుంచి అన్నట్టయింది. నేను తిరిగి చూడలేదు. ఆ మాట అనే మనిషి పోయి ఏడాది కావస్తోంది. దగ్గు మందు కోసం తిరిగొచ్చే రకం కాదు.

చివరికి దాన్ని చెంచాతో కలబెట్టుకునే తాగాను. దగ్గు తగ్గలేదు. అది వేరే సంగతి.

బళ్ళారిలో కప్పగల్లు రోడ్డు వైపు మా సందులో, మా ఎదురింట్లో ఉండేవాడు ఆయన. నేను అన్నా అనేవాణ్ణి. జీన్సు ప్యాంట్లు ఉతికే యూనిట్లో వాషింగ్ మాస్టరు. ఊళ్లో కుట్టిన కొత్త ప్యాంటును ఎవరో పదేళ్లు తొడిగి, విసుగు పుట్టి వదిలేసినట్టు తయారు చేసి అమ్మాలి కదా, ఆ పదేళ్లూ దాని చేత ఒక్క పూటలో గడిపించేది ఆయనే. "కొత్తదాన్ని పాతది చేసేదే నా ఉద్యోగం. మనుషులైతే ఆ పని వాళ్లంతట వాళ్లే చేసుకుంటారు, జీతం కూడా అడగరు" అనేవాడు. నీలిరంగు దిగి ఆయన గోళ్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి. పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్న కొత్తవాళ్లు ఆ చేతిని చూసి కొంచెం జరిగి కూర్చునేవాళ్లు. ఆయనకు రెండు ఆకుల జాగా దొరికేది.

పని నుంచి వచ్చి, స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వసారాలో కూర్చునేవాడు. వీధిలో పోయేవాళ్లకు అంతా కనబడేది. ముందు ఒక చిన్న టీపాయి, దాని మీద మందపాటి గాజు జగ్గు, మెలితిరిగిన కాడ ఉన్న పొడుగాటి చెంచా, రెండు చిన్న సీసాలు, ఒక విస్కీ సీసా, ఒక గ్లాసు. శనివారమైతే రెండు గ్లాసులు. రెండోది నాది.

చాలా ఏళ్ల కింద వాళ్ల యూనిట్లో మెషీన్లు బిగించడానికి ఒక ఫారిన్ ఇంజనీరు వచ్చాడట. మన ఎండకు తట్టుకోలేక సాయంత్రాల్లో తనకు తెలిసిన వైద్యం తాను చేసుకునేవాడట. ఆ వైద్యంలో రెండు యోగాలు అన్న నేర్చుకున్నాడు. ఒకటి ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే కాక్‌టెయిలు, ఇంకొకటి మన్‌హాటన్. రెంటిలోనూ పెద్దరికం విస్కీదే. సోడా లేదు, నిమ్మరసం లేదు, కూల్‌డ్రింకు మాట ఎత్తితే ఆయన మొహం చూడలేం. పోతూ పోతూ ఆ ఇంజనీరు తన చెంచా ఇచ్చి పోయాడు. "టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ అంటారే, మన జిల్లాకు వచ్చింది ఇదొక్కటే" అనేవాడు అన్న.

ఐసు తయారీ పొద్దుననే మొదలయ్యేది. నీళ్లు కాచి, చల్లార్చి, మళ్లీ కాచి, స్టీలు టిఫిన్ బాక్సులో పోసి ఫ్రిజ్జులో పెట్టేవాడు. సాయంత్రానికి అది గాజు ఇటుకలా తయారయ్యేది. కరెంటు పోతే ఆ పూట ఆయనకు ఉపవాసం. ఇటుకను గుడ్డలో చుట్టి రోకలితో ఒక్క దెబ్బ కొట్టేవాడు. పెద్ద ముక్క గ్లాసులోకి, చిన్నవి జగ్గులోకి. తర్వాత అసలు పని. చెంచా వీపు జగ్గు గోడను తాకుతూ తిరగాలి, చప్పుడు కాకూడదు. నేను తిప్పితే టింగు టింగుమనేది.

"ఏందప్పా అది, పూజ చేస్తాండావా?"

"కలుస్తాంది కదన్నా, చప్పుడైతే ఏం?"

"చప్పుడైతే ఐసు పగులుతాది. పగిలితే నీళ్లు ఊరికే దిగుతాయి. మనం ఐసు దగ్గర నీళ్లు గుంజుకోకూడదు, అడిగి తీసుకోవాల."

"మరి మూత పెట్టి నాలుగు సార్లు కుదిపితే అయిపోతాది గదా."

"పులుపు ఉండేవాటిని కుదపొచ్చు. దీన్ని కుదిపితే గాలి దూరుతాది. గాలి దూరిందంటే తేలిపోతాది. మీ కాలేజీలో సూడలేదా?"

నేను కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. చూశాను కాబట్టి మళ్లీ చెంచా తీసుకున్నాను.

ఆ రెండు చిన్న సీసాల సంగతి చెప్పాలి. ఓల్డ్ ఫ్యాషన్డ్‌కు కొంచెం తీపి కావాలి, రెండు చుక్కలు చేదు కావాలి. తీపికి ఆయన బెల్లం పాకం వాడేవాడు. చేదుకు బిట్టర్స్ అని ఒకటుంటుంది, బళ్ళారిలో దొరకదు. అందుకని ఉగాది ముందర వేపపువ్వు కోసి, కమలాపండు తొక్క, లవంగం, దాల్చినచెక్క చేర్చి, అన్నీ ఒక గాజు జాడీలో వేసి, మునిగేదాకా వోడ్కా పోసి, వంటింటి కిటికీలో పెట్టేవాడు. వారాల తరబడి ఊరిన తర్వాత వడగడితే నల్లటి చేదు దిగేది. మా ఊళ్లో కన్నడం వాళ్లు ఉగాదికి బేవు-బెల్ల తింటారు, అంటే వేప, బెల్లం. మన తెలుగు ఇళ్లలో ఆరు రుచుల పచ్చడి. అన్న ఎదురుగా పచ్చడి గిన్నె పెడితే, "ఆరు ఎక్కువ. చేదు, తీపి, అంతే లెక్క. మూడోది విస్కీ" అనేవాడు. వీధిలో ఎవరన్నా "ఏం తాగుతాండావన్నా?" అని అడిగితే గ్లాసు ఎత్తి చూపించి, "బేవు-బెల్ల. ఈ ఇంట్లో రోజూ ఉగాదే" అనేవాడు.

కమలా తొక్క కొయ్యడంలో కూడా పట్టింపు ఉండేది. తొక్క వెనకాల తెల్లది రాకూడదు. "అదీ చేదే కదన్నా" అన్నాను ఒకసారి. "చేదులో జాతులుంటాయప్పా. అది గొంతులో కూర్చుంటాది, ఇది నాలుక మీద నిలబడతాది" అని, తొక్కను గ్లాసు మీద మెలిపెట్టాడు. సన్నటి నూనె తుంపర సాయంత్రపు ఎండలో ఒక్క క్షణం కనబడి మాయమైంది. ఆయన అంత సంబరంగా చూసింది నేనెరిగి అదొక్కటే.

గ్లాసు అయిపోయేదానికి గంట పట్టేది. తర్వాత సీసా లోపలికి, చెంచా గుడ్డలోకి. రెండో గ్లాసు పోసుకోగా నేను చూడలేదు. "ఇంకొకటి వెయ్యన్నా" అని అడిగితే, "మొదటిదాన్ని అవమానించినట్టు అవుతాది" అనేవాడు. గ్లాసు మాత్రం ఆయన కడిగేవాడు కాదు. వదిన వచ్చి రెండు వేళ్లతో పట్టుకుని లోపలికి తీసుకుపోయేది, చచ్చిన ఎలుకను తీసుకుపోయినట్టు. అయినా కడిగి, తుడిచి, అదే చోట బోర్లించేది.

ఇక్కడ మా ప్రాంతపు ధర్మశాస్త్రం కొంచెం తెలియాలి. బయట తాగితే అది అలవాటు. ఇంట్లో తాగితే అవలక్షణం. కాలువ గట్టున, పైపుల చాటున, మిల్లు వెనకాల, కారు డిక్కీ తెరిచి ప్లాస్టిక్ గ్లాసుల్లో ఎంత తాగినా వాడు సంసారే. ఇంటికి పోయే ముందు సోంపు నమిలితే చాలు. వదినకు సొంత అన్న ఒకాయన ఉన్నాడు, సిరుగుప్పలో రైస్ మిల్లు. ఆయన ప్రతి ఆదివారం కాలువ గట్టుకు పోయేది ఊరంతటికీ తెలుసు. కానీ ఆయన ఇంట్లో చుక్క కనబడదు, అందుచేత ఆయన తాగడు. మా అన్న రోజూ ఒక గ్లాసు అందరూ చూస్తుండగా వసారాలో తాగుతాడు, అందుచేత ఆయన కుడుక. తాగుబోతుకు కన్నడం మాట. మా సందులో తిట్టేటప్పుడు కన్నడం వాడితే కొంచెం మర్యాదగా ఉంటుందని నమ్మకం.

వంటింటి కిటికీలో జాడీ కూడా ఈ శాస్త్రం ప్రకారమే విచారణకు వచ్చింది. పక్కింటామె ఒకనాడు దాంట్లో ఏవో తేలుతుండగా చూసింది. మూత తీస్తే ఘాటు వాసన కూడా వచ్చిందట. మూత తీసే అవసరం ఆమెకు ఏమొచ్చిందో ఎవరూ అడగలేదు. వారంలో మాట సిరుగుప్ప చేరింది: మాస్టరు ఇప్పుడు అంగడి సరుకు చాలక ఇంట్లోనే కళ్ళబట్టి పెడతాండాడు. కళ్ళబట్టి అంటే మావైపు దొంగసారా.

ఇంతవరకూ అయితే నవ్వుకునే కథే. కానీ ఆ వేసవిలో అన్న చిక్కిపోవడం మొదలైంది. అన్నం సయించడం లేదు. పొట్ట పైభాగాన నొప్పి, అది వీపులోకి పోతుందనేవాడు. పంచె కుచ్చిళ్లు ఎక్కువయ్యాయి. గ్లాసు కూడా సగంలో వదిలేసేవాడు. "నాలుకకు చేదు తెలియడం లేదప్పా. తెలిసిన మనిషి పలకరించకుండా పోయినట్టుండాది" అన్నాడు ఒక శనివారం. డాక్టరు దగ్గరికి పోదామన్నాను. సోమవారం పోదామన్నాడు.

ఆదివారమే మిల్లు పెద్దాయన జీపులో దిగాడు. ఆ రోజు కాలువ గట్టు మానుకుని వచ్చాడంటే విషయం ఎంత పెద్దదో గమనించాలి. ఊళ్లో ఒక కల్యాణ మంటపంలో మద్యం మాన్పించే శిబిరం పెట్టారని, వారం అక్కడ ఉంటే మనిషి బాగుపడి వస్తాడని, పేరు రాయించేశానని చెప్పాడు.

"బావా, నేను తాగేది ఒక గ్లాసు" అన్నాడు అన్న.

"ఒంటి మీద కండ లేదు, పొట్ట నొప్పి అంటాండావు, ఇంట్లో బట్టి పెట్టినావు. ఒక గ్లాసుకే ఇంత అవుతాదా?"

"నొప్పి ఏందో చూపించుకుంటా. రేపే పోతాండా."

"యాడికి పోయినా మొదలు మానమనే చెప్తారు. మానేసి పో."

నేను వసారా మెట్టు మీద ఉన్నాను. "పెద్దాయనా, నేను వారం వారం పక్కనే ఉంటాను. ఒకటే గ్లాసు. అది కూడా గంట సేపు" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు తాగుతావాప్పా?"

"శనివారం తాగుతా."

"మరి లెక్క నీకెట్ల తెలిసింది?"

జీపు దగ్గర నిలబడ్డ ఆయన మనుషులు ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, మాట బాగుంది మరి.

వదిన గడప లోపల నిలబడి ఉంది. "మా అన్న ఇంత దూరం వచ్చినాడు. ఆయన మాట కోసం వారం పోయి రాండి" అంది. అన్న లోపలికి పోయి రెండు పంచెలు సంచిలో పెట్టుకున్నాడు. "వారం మజ్జిగ తాగితే పోయేదేముంది" అన్నాడు నాతో. పోయేదేమిటో అప్పుడు ఎవరికీ తెలియదు.

శిబిరంలో జరిగింది ఆయనే తర్వాత చెప్పాడు, మధ్య మధ్య వీపు పట్టుకుంటూ. పొద్దున భజన, తర్వాత కసరత్తు, తర్వాత మజ్జిగ. సాయంత్రం ఒక్కొక్కరూ మైకు ముందు నిలబడి తమ తాగుడు సంగతి ఒప్పుకోవాలి. అన్న వంతు వచ్చింది.

"ఎంత తాగేవాడివి?" శిబిరం అధ్యక్షుడు అడిగాడు.

"అరవై ఎం.ఎల్."

"గంటకా?" అని వెనక వరసలో ఎవడో అరిచాడు. మంటపమంతా నవ్వింది.

"రోజుకు."

ఇంకా ఎక్కువ నవ్వింది. అధ్యక్షుడు నవ్వలేదు, మంచి మనిషి. మైకు తీసుకుని మెత్తగా చెప్పాడు: "చూడండి, ఈ జబ్బుకు మొదటి గుర్తు ఇదే. ఉందని ఒప్పుకోరు. ఎంత గట్టిగా లేదంటే అంత ముదిరినట్టు."

అన్న రెండో రోజూ అరవై ఎం.ఎల్. అన్నాడు. ఇంకొంచెం ముదిరింది. నొప్పిగా ఉంది, డాక్టరుకు చూపించండి అని అడిగితే, తాగుడు మానినవాళ్లకు అట్లాగే ఉంటుంది, ఓర్చుకో అన్నారు. పక్క చాప మీద పడుకునే సిరుగుప్ప డ్రైవరు ఆయనకు ఉపాయం చెప్పాడట: "సామీ, సుమ్నె ఎందుకు ఒద్దాడతావు? ఫుల్ బాటిలని చెప్పు. బిడతారు." ఊరికే అవస్థ పడొద్దు, ఒప్పుకుంటే వదిలేస్తారని దాని అర్థం.

ఆ సాయంత్రం అన్న మైకు ముందు నిలబడి, పొద్దున కళ్లు తెరిచింది మొదలు తాగేవాణ్ణని, రోజుకు ఒక సీసా అని, ఇంట్లో సారా కూడా కాచేవాణ్ణని చెప్పాడు. మంటపం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అధ్యక్షుడు కౌగిలించుకున్నాడు. మిల్లు పెద్దాయనకు ఫోను చేసి శుభవార్త చెప్పారు.

"ఇన్నేండ్లలో నా మాట నమ్మింది అదొక్కసారేప్పా" అన్నాడు అన్న. "ఎంత హాయిగా ఉన్నిందో! అబద్ధం కుదపకుండానే కలిసిపోతాది."

డాక్టరును మాత్రం అప్పుడు కూడా పిలవలేదు. ఒప్పుకున్నాడు కదా, ఇంక తగ్గుతుందన్నారు. వారం ముగిసి, పూలదండతో, విభూతి బొట్టుతో ఇంటి ముందు దిగినప్పుడు ఆయన కళ్లు పచ్చగా ఉన్నాయి. వదిన హారతి పళ్లెం పట్టుకుని ఉంది. హారతి వెలుగేమో అనుకుంది. నేను ఆటో పిలిచాను.

పెద్దాసుపత్రిలో స్కానింగు చేసిన డాక్టరు, వేరే ఊరి నుంచి వచ్చినవాడు, వయసులో చిన్నవాడు, రిపోర్టు పట్టుకుని మా ముగ్గురి ముందు, అంటే వదిన, మిల్లు పెద్దాయన, నేను, మామూలుగానే చెప్పాడు. పిత్తనాళం దగ్గర క్యాన్సర్ గడ్డ ఉంది, ముదిరింది, ఆపరేషన్‌కు సమయం మించిపోయింది. మొదట్లోనే వచ్చి ఉంటే చూసేవాళ్లమన్నాడు.

"తాగడం వల్లనే కదా సార్?" పెద్దాయన అడిగాడు.

"తాగనివాళ్లకు కూడా వస్తుందండీ. ఆయన లివర్‌కు తాగుడు దెబ్బ ఏమీ లేదు. ఆ మాటకొస్తే ఈ వయసుకు బాగా ఉన్నట్టే."

పెద్దాయన వరండాలోకి పోయి సిరుగుప్పకు ఫోను చేశాడు. నాకు వినబడింది. "లోపలంతా పోయిందంట. లివరు పేరెత్తి చెప్పినాడు డాక్టరు." అబద్ధమనడానికి లేదు. పేరు ఎత్తిన మాట నిజమే.

అన్నకు నేనే చెప్పాను. గడ్డ సంగతి విన్నప్పుడు ఆయన పైకప్పు ఫ్యాను చూస్తూ ఉండిపోయాడు. లివర్ సంగతి విన్నప్పుడు మోచేతి మీద లేచాడు.

"బాగుందన్నాడా? అదే మాట అన్నాడా?"

"అన్నాడు."

"నువ్వూ విన్నావా?" అని వదినను అడిగాడు.

ఆమె తల ఊపింది.

"మీ అన్న బయటే ఉండాడు. పోయి చెప్పు. నేను తాగుబోతును కాదని చెప్పు. నువ్వు చెప్తే వింటాడు."

"ఆయన కూడా విన్నాడు కదండీ."

"విన్నాడు. మనోళ్లు ఎవరూ ఆ మాట చెప్పలేదు. పోనీ, ఈడ నుంచే అను. కొంచెం గట్టిగా."

వదిన వాకిలి వైపు చూసింది. దుప్పటి సర్ది, ఆయన పాదాల కింద మడిచింది. "మీరు తాగుబోతు కాదు" అంది. పక్కనే ఉన్న నాకే సరిగా వినబడలేదు. అన్న మళ్లీ తల దిండు మీద పెట్టుకున్నాడు. "చెంచా చప్పుడు కానీయకుండా తిప్పినావులే" అన్నాడు. నవ్వడానికి చూశాడు కానీ వీపు ఒప్పుకోలేదు.

తర్వాత నెలన్నర కూడా లేడు.

పదకొండో రోజు ఇంటి ముందు షామియానా వేశారు. మిల్లు పెద్దాయన బియ్యం మూటలు దింపి, వంటవాళ్లను పెట్టి, అన్నీ దగ్గరుండి జరిపించాడు. ఆ విషయంలో ఆయనకు వంక పెట్టలేం. శిబిరం అధ్యక్షుడు కూడా వచ్చాడు. ఫోటోకు దండ వేసి, మైకు తీసుకున్నాడు.

"శిబిరం నుంచి పోయినాక ఈ మహానుభావుడు ఒక్క చుక్క ముట్టలేదు. చివరి శ్వాస వరకు మాట నిలబెట్టుకున్నాడు. ఇంతకన్న పెద్ద గెలుపు మాకేముంటాది?"

ముట్టని మాట నిజమే. చివరికి నీళ్లు కూడా స్పాంజితో పెదాలకు అద్దేవాళ్లం.

ఆడవాళ్ల మధ్య నుంచి వదిన లేచింది. మైకు దగ్గరికి పోలేదు. ఉన్నచోటనే నిలబడి, షామియానా చివర చెప్పుల దగ్గర ఉన్నవాళ్లకు కూడా వినబడేటట్టు అంది:

"మా ఆయన తాగుబోతు కాదు. ఒక గ్లాసు తాగేవాడు. ఇన్నేండ్లూ ఆ గ్లాసు కడిగింది నేను, ఇంకెవరూ కాదు. నొప్పి అంటాంటే యాడికో తీసకపోయి కూర్చోబెట్టినారు. డాక్టరు లివరు బాగుందన్నాడు. అన్నా, నువ్వు విన్నావు. చెప్పు."

మిల్లు పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి కళ్లకు ఒత్తుకున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. "మా చెల్లెలు చిన్నప్పటి నుంచీ అట్లే" అన్నాడు పక్కాయనతో. "ఒకరి తప్పు బయట పెట్టదు."

"మొగుడు పోయినాక కూడా ఆయన మీద మాట పడనియ్యదు చూడండమ్మా" అని ముసలి పెద్దమ్మ ఒకామె ముక్కు చీదింది. "ఇట్లాంటి ఇల్లాలు దొరికేదానికి పెట్టి పుట్టి ఉండాల. తెలుసుకోలేకపాయె, పాపం, తాగి తాగి."

అధ్యక్షుడు మైకులో గొంతు సవరించుకున్నాడు. "ఈ తల్లికి అందరూ చప్పట్లు" అన్నాడు.

అందరూ కొట్టారు. వదిన కూర్చోలేదు. పెద్దాయన వైపు చెయ్యి చూపిస్తూ ఇంకా ఏదో అంటూనే ఉంది. చప్పట్లలో వినబడలేదు.